ఒకే రాత్రి, రెండు సినిమాలు: ఫిషింగ్ హార్బర్ థ్రిల్లర్ జంట స్క్రిప్టు మీద మీ మాట కావాలి

రుషికొండ_రచయిత · సోమవారం రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా నన్ను వదలని కథ ఒకటి ఉంది. ఇక్కడ సినిమా పని చేసేవాళ్లూ, హార్బర్ తెలిసినవాళ్లూ ఉన్నారు కాబట్టి దాచకుండా మొత్తం చెప్పేస్తున్నాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. ఆ గడువు తీరే అర్ధరాత్రి మన విశాఖ ఫిషింగ్ హార్బర్ ఎలా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఐసు, డీజిలు, బియ్యం, వలలు ఎక్కించుకుని, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి బోట్లన్నీ ఒకేసారి కదులుతాయి. నా కథ 2025లో ఆ ఒక్క రాత్రి మొదలవుతుంది.

అప్పలరాజు ఒక మరబోటు సరంగు, అంటే బోటు నడిపే పెద్ద. తమ్ముడు నూకరాజు అదే బోటులో కలాసీ, అంటే పనివాడు. రాత్రి 11:40కి హార్బర్ గేటు దగ్గర మెరైన్ పోలీసు ఎస్సై సులోచన నూకరాజు చెంప మీద కొట్టి అతని ఫోన్ లాక్కుంటుంది. మూడో రోజు నూకరాజు శవం దొరుకుతుంది.

మొదటి సినిమా అన్నది. తన తమ్ముణ్ని చంపింది పోలీసులే అని నమ్మి ఎస్సై వెంట పడతాడు. రెండోది ఎస్సైది. అందులో తెలిసేది ఏమిటంటే, నూకరాజు పోలీసులకు రహస్యంగా సమాచారం ఇచ్చేవాడు, ఆ చెంపదెబ్బ అతన్ని కాపాడటానికే. ఒక్కో సినిమా గంటా నలభై నిమిషాలు. రెండూ కలిపి ఒకే షెడ్యూల్లో తీయాలని ఆలోచన.

రెండు సినిమాల్లోనూ వచ్చే సీన్లు ఎన్ని ఉండాలి? వాటిలో మాటలు ఒకేలా ఉండాలా, చెప్పేవాళ్లను బట్టి మారాలా? ఈ రెండింటి దగ్గరే ఆగిపోయాను. స్క్రిప్టు ముక్క కామెంట్లో పెడుతున్నాను.

జగదాంబ_ఫస్ట్‌షో · సోమవారం రాత్రి 10:41

కథ బాగుంది. కానీ రెండు సినిమాలు ఎందుకు? ఇంటర్వెల్ ముందు అన్న వైపు, తర్వాత ఎస్సై వైపు పెడితే ఒకే టికెట్టులో అయిపోతుంది కదా. కమల్ హాసన్ తీసిన పోతురాజు అలాంటిదే. 2004లో వచ్చింది. జైల్లో ఉన్న ఇద్దరు ఖైదీలు ఒకే గొడవను రెండు రకాలుగా చెబుతారు. ఒక్క సినిమాలోనే సరిపోయింది.

రుషికొండ_రచయిత · సోమవారం రాత్రి 11:05

నేనూ మొదట అలాగే రాశాను. సమస్య ఎక్కడొచ్చిందంటే, ఒకే సినిమాలో పెడితే రెండో సగం తీర్పు అయిపోతోంది. చివర చెప్పినవాడిదే నిజం అని జనం అనుకుంటారు. విడివిడిగా ఉంటే మొదటిది చూసినవాడు అన్న కోపాన్ని ఇంటికి తీసుకెళ్తాడు. వారం రోజులు ఆ కోపంతోనే ఉంటాడు, పక్కవాడితో వాదిస్తాడు. ఆ తర్వాత రెండోది చూస్తాడు. నాకు కావలసింది ఆ వారం.

ఎడిటింగ్_టేబుల్ · మంగళవారం ఉదయం 7:20

తమ్ముడూ, పదిహేనేళ్లుగా కటింగ్ చేస్తున్నాను. నువ్వడిగిన రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మొదటిది దాని మీదే ఆధారపడి ఉంది.

ఒకే సంఘటనను వేర్వేరుగా చూపే సినిమాల్లో రెండు జాతులు ఉన్నాయి. ఒకటి సాక్ష్యం జాతి. జపాన్ దర్శకుడు కురొసావా తీసిన రాషోమాన్ (1950) అదే. అక్కడ మనం చూసేది జరిగింది కాదు, ఒక్కొక్కరు చెప్పుకున్నది. అందుకే మాటలు మారినా, కత్తి పట్టిన చేయి మారినా ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు. రెండోది చూపు జాతి. అక్కడ జరిగింది ఒక్కటే, ఎవరికి ఎంత కనబడిందన్నదే తేడా. నీ కథలో ఎవరూ ఎవరికీ సాక్ష్యం చెప్పట్లేదు, కెమెరా వాళ్లతో పాటు నడుస్తోంది. కాబట్టి నీది రెండో జాతి. ఇందులో ఒక్క మాట మార్చినా మోసమే. జనం పట్టుకుంటారు, ఆ తర్వాత నువ్వు చూపించే దేన్నీ నమ్మరు.

ఇంకా గట్టిగా చెబుతాను. మాటలే కాదు, టేక్ కూడా మార్చకు. గేటు దగ్గర చెంపదెబ్బ సీనుకు రెండు కెమెరాలు పెట్టు. ఒకటి బోటు మీద, ఒకటి జెట్టీ మీద. ఒకే టేకు రెండు సినిమాల్లోకీ వెళ్లాలి. ఎస్సై వేషం వేసే అమ్మాయితో ఒకసారి క్రూరంగా, ఒకసారి దయగా చేయించావంటే పని చెడుతుంది. ఆమె ఒక్కలాగే చేయాలి. అర్థం మారేది అంతకుముందు మనం ఏం చూశామన్నదాన్ని బట్టి. వందేళ్ల కిందట రష్యాలో దర్శకుడు లెవ్ కులెషోవ్ చూపించింది ఇదే కదా. ఒకే నటుడి ముఖం, పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటిక. ముఖం మారలేదు, చూసేవాళ్లకు ఆకలీ దుఃఖమూ కనిపించాయి.

ఇక ఎన్ని సీన్లు అంటే, నా లెక్కలో ఆరేడు దాటకూడదు. దాటితే రెండోది కొత్త సినిమాలా ఉండదు, రివిజన్ క్లాసులా ఉంటుంది.

కంచరపాలెం_సినీప్రియ · మంగళవారం ఉదయం 9:02

ఎడిటర్ గారు చెప్పింది చదివాక నాకు ఒక భయం పోయింది. ఇలాంటి సినిమాల్లో "అప్పుడు చూపించింది అబద్ధం" అంటే నాకు చాలా బాధేస్తుంది, నా సమయాన్ని ఎవరో దొంగిలించినట్టు ఉంటుంది. ఇంకో మాట. ఏది ముందు చూసినా అర్థం కావాలి. మా ఇంట్లో నేను ఒకటి ముందు చూస్తే మా అక్క ఇంకోటి ముందు చూస్తుంది, ఇద్దరం కొట్టుకోవాలి!

హార్బర్_పిల్లాడు · మంగళవారం మధ్యాహ్నం 2:30

అన్నా, నేను హార్బర్ పిల్లాణ్నే. మా నాన్న ముప్పై ఏళ్లుగా సరంగు. కథ మొత్తం రెండుసార్లు చదివాను. మొదటి సినిమా చదువుతుంటే ఒళ్లు జలదరించింది. రెండోది చదివి మనసు విరిగింది. ఎందుకో చెప్తాను, తప్పుగా అనుకోవద్దు.

మొదటి సినిమాలో మా అన్న పడే బాధ అంతా చూపించి, రెండో సినిమాలో "అయ్యో, పోలీసమ్మ మంచిదే, నువ్వే పొరబడ్డావు" అంటున్నారు. అంటే మా కోపం తెలివితక్కువతనం అన్నమాట. రెండు వైపులు అంటారు గానీ, ఎప్పుడూ రెండో వైపు చదువుకున్నవాళ్లదే అవుతుంది, నిజం కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. పైగా ఆ తమ్ముడు ఇన్ఫార్మర్. హార్బరులో ఆ మాటకు ఎంత బరువుందో మీకు తెలియదు. చచ్చిపోయిన పిల్లాడి మీద ఆ ముద్ర కూడా వేస్తున్నారు.

ఇంకోటి. ఆ రాత్రి అన్న ఎందుకు ఆగడు అని మీరు రాయలేదు. 61 రోజులు సంపాదన లేదు. వేట విరామ భృతి 2025లో పది వేల నుంచి ఇరవై వేలు చేశారు, నిజమే, కానీ రెండు నెలల ఇంటి ఖర్చు, వడ్డీ, వల బాగుచేత అందులోంచే. బోటు యజమాని డీజిలు పోయించాడు, ఐసు కరిగిపోతుంటుంది. ముందు వెళ్లినవాడికి ముందు చేప, ముందు వేలం. ఆ రాత్రి గంట ఆలస్యం అంటే మామూలు గంట కాదు. అది తెలియకపోతే అప్పలరాజు మీకు అర్థం కాడు.

రుషికొండ_రచయిత · మంగళవారం సాయంత్రం 6:48

తమ్ముడూ, తప్పుగా ఎందుకు అనుకుంటాను. నువ్వు రాసింది చదివాక బీచ్ రోడ్డు మీద చాలా దూరం నడిచాను. నువ్వు చెప్పింది నిజం. నేను రెండో సినిమాను మొదటిదానికి జవాబుగా రాశాను. జవాబు ఉంటే ప్రశ్న చిన్నబోతుంది. ఇన్ఫార్మర్ సంగతి తీసేస్తున్నాను. దాంతో కథ వెన్నెముక పోయింది, కొత్తది దొరికేదాకా ఇక్కడే కూర్చుంటాను.

లొకేషన్_పని · మంగళవారం రాత్రి 8:10

కథ సంగతి పెద్దలు చూసుకుంటారు, నేను నేల మీద ఉన్న సంగతులు చెప్తాను.

మీరు కామెంట్లో పెట్టిన స్క్రిప్టు ముక్కలో "సముద్రంలో సూర్యుడు మునుగుతుండగా" అని ఉంది. మన సముద్రంలో సూర్యుడు లేస్తాడు, కొండల వెనక మునుగుతాడు. జూన్ నెలలో అయిదున్నరకు ముందే పైకొచ్చేస్తాడు కూడా. రాత్రి మొదలై తెల్లారేదాకా నడిచే కథకు ఇది వరమే, రెండు సినిమాలూ ఒకే సూర్యోదయంతో ముగించవచ్చు.

కటిక చీకటి అని కూడా రాయొద్దు. 2025 జూన్ 11న పౌర్ణమి. 14 అర్ధరాత్రికి చంద్రుడు పెద్దగానే ఉంటాడు. ఒక సినిమాలో చంద్రుడు ఉండి రెండోదాంట్లో లేకపోతే ఎడిటర్ గారు చెప్పిన నమ్మకం అక్కడే పోతుంది. మబ్బు పట్టిందని రాసుకుంటే రెండింటిలోనూ మబ్బే.

డ్రోన్ షాట్ల మీద ఆశ పెట్టుకోకండి. తూర్పు నౌకాదళ స్థావరం, నేవీ వాళ్ల ఎయిర్‌ఫీల్డు ఉన్న ఊరు మనది. అనుమతి లేకుండా ఎగరేస్తే షూటింగే ఆగిపోతుంది. ఎత్తు కావాలంటే బోటు మీద ఉండే కర్రకు కెమెరా కట్టండి, సరంగు చూపు కూడా అదే.

అన్నిటికన్నా పెద్ద సంగతి, బోట్లన్నీ కలిసి కదిలే ఆ అర్ధరాత్రి ఏడాదికి ఒక్కటే. దాన్ని మళ్లీ సృష్టించాలంటే మీ బడ్జెట్ చాలదు. ఆ ఒక్క రాత్రి రెండు యూనిట్లు పెట్టుకుని రెండు సినిమాలకూ కావలసిన జనం, బోట్లు, వెలుగులు అన్నీ తీసేయాలి. మాటలున్న సీన్లు తర్వాత నిషేధం రోజుల్లో, బోట్లు కట్టేసి ఉన్నప్పుడు తీసుకోవచ్చు.

కోర్ట్_బీట్ · బుధవారం ఉదయం 6:55

నేను క్రైమ్ రిపోర్టింగ్‌లో పన్నెండేళ్లు చేశాను. రచయిత గారికి వెన్నెముక కావాలన్నారు కాబట్టి ఒక సంగతి చెప్తాను. బహుశా అది చట్టంలోనే ఉంది.

ముందు చిన్న దిద్దుబాటు. మీ స్క్రిప్టులో శవ పంచనామా పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 174 సెక్షన్ కింద అని ఉంది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 194. కథ 2025లో జరుగుతోంది కాబట్టి ఎస్సై నోట పాత నంబరు రాకూడదు.

ఇక అసలు సంగతి. అనుమానాస్పద మరణం అయితే పోలీసులే 194 కింద పంచనామా చేస్తారు. కానీ చనిపోయిన మనిషి పోలీసు కస్టడీలో ఉన్నాడంటే లెక్క మారిపోతుంది. 196 కింద మెజిస్ట్రేట్ విచారణ జరగాలి. అంటే ఈ కేసంతా ఒక్క ప్రశ్న మీద నిలబడుతుంది. ఆ రాత్రి నూకరాజు ఎవరి దగ్గర ఉన్నాడు? స్టేషన్లోనా, బోటులోనా?

ఎస్సై ఫోన్ తీసుకుందన్నారు. కాగితం మీద రాసి తీసుకుందా? జనరల్ డైరీలో, అంటే స్టేషన్ రోజువారీ పుస్తకంలో ఎక్కించిందా? ఎక్కించకపోతే ఆమె చేసింది చిన్న తప్పే, కానీ పిల్లాడు చనిపోయాక అదే కొండంత అవుతుంది. దాన్ని దాచాలని చూస్తుంది. మంచి మనిషి కూడా దాస్తుంది. అలాంటి సందర్భాలు దగ్గరుండి చూశాను, అందుకే చెప్తున్నాను.

కంచరపాలెం_సినీప్రియ · బుధవారం ఉదయం 8:30

"ఎవరి దగ్గర ఉన్నాడు?" ఈ ప్రశ్న చదివి గుండె ఝల్లుమంది మేడమ్.

హార్బర్_పిల్లాడు · బుధవారం రాత్రి 9:15

నిన్న రాత్రి మా నాన్నకు కథ మొత్తం చదివి వినిపించాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగారు. "తలకాయలు నెక్కెట్టకుండా ఏ సరంగైనా మొగ దాటిస్తాడేటి?"

నిజమే అన్నా. నేను కూడా గమనించలేదు. బోటు మొగ, అంటే హార్బర్ ముఖద్వారం, దాటే ముందు సరంగు మనుషుల్ని లెక్కపెడతాడు. ఎనిమిది మంది వెళ్లాలంటే ఎనిమిది తలలు కనబడాలి. పదిహేను రోజులకు పైగా సముద్రం మీద ఉండే పని, ఒకడు తక్కువైతే వల లాగేది ఎవరు? అందులో సొంత తమ్ముడు. లేడని తెలియకుండా అప్పలరాజు వెళ్లిపోయాడంటే హార్బరులో ఒక్కడూ నమ్మడు.

రుషికొండ_రచయిత · బుధవారం రాత్రి 9:50

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. కథలో అది పెద్ద కన్నమే. పూడ్చడానికి అరగంట తంటాలు పడ్డాను. పూడ్చకూడదు, తలుపులా తెరవాలి అని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పలరాజు లెక్కపెట్టాడు. ఏడే వచ్చింది. తెలిసే వెళ్లాడు.

ఎందుకు? గేటు దగ్గర తమ్ముణ్ని పోలీసులు పట్టుకోవడం బోటు మీద నుంచి చూశాడు కాబట్టి. రెండు రోజుల కిందటి కొట్లాట కేసులో స్టేషన్‌కు తీసుకెళ్లి ఉంటారు, రాత్రికి అక్కడే కూర్చోబెడతారు, పొద్దున వదులుతారు, మనవాళ్లు ఎవరైనా వెళ్లి తెస్తారు అనుకున్నాడు. ఐసు కరుగుతోంది. వెళ్లాడు. ఎవరెవరు వెళ్తున్నారో రాసిచ్చిన కాగితంలో మాత్రం ఎనిమిది పేర్లూ అలాగే ఉన్నాయి. దిద్దించలేదు.

సులోచన ఆ కాగితం చూసింది. నూకరాజు పేరుంది, బోటు వెళ్లిపోయింది. ఈ ట్రిప్పుకు వెళ్లొద్దని గేటు దగ్గర చెప్పినా వినకుండా అన్నతో పోయాడనుకుంది.

అన్న దృష్టిలో తమ్ముడు పోలీసుల దగ్గర ఉన్నాడు. పోలీసుల దృష్టిలో అన్న దగ్గర ఉన్నాడు. పిల్లాడు మాత్రం ఫోన్ లేకుండా, కదిలిపోతున్న తన బోటును అందుకోవాలని, పక్కపక్కనే ఉన్న బోట్ల మీద నుంచి ఒకదాని మీదికి ఇంకోదాని మీదికి దూకుతూ పరిగెత్తి, రెండు బోట్ల మధ్య పడిపోయాడు.

ఎడిటింగ్_టేబుల్ · బుధవారం రాత్రి 10:12

ఇదీ కథ. ఇంక దీన్ని కదపకు.

ఇప్పుడు చూడు, రెండూ నిజమైన థ్రిల్లర్లు అయ్యాయి. మొదటి సినిమాలో అన్నకు అనుమానం ఉండదు, నమ్మకం ఉంటుంది. నా తమ్ముడు మీ కస్టడీలో చచ్చాడు అంటాడు. రెండో సినిమాలో ఎస్సైకీ అంతే నమ్మకం. సముద్రం మీద వాణ్ని ఏం చేశావు అంటుంది. ఇద్దరూ నిజాయితీగా ఒకరినొకరు హంతకులు అనుకుంటున్నారు. ఇద్దరి దగ్గరా దాచుకోవడానికి ఒక చిన్న తప్పుంది. ఒకరిది కాగితం, ఒకరిది ఫోన్.

అన్న లెక్కపెట్టే షాట్ మొదటి సినిమాలో ఉండాలి. వేళ్లు మడుస్తూ ఒకటి, రెండు, మూడు. ఏడో వేలు మడిచాక కట్. ఎనిమిదోది చూపించకు. అబద్ధం చెప్పినట్టూ కాదు, నిజం మొత్తం చెప్పినట్టూ కాదు.

జగదాంబ_ఫస్ట్‌షో · బుధవారం రాత్రి 10:40

మరి విలన్ ఎవరు? నిర్మాత మొదట అడిగేది అదే. ఎవరూ చంపలేదంటే జనం నిరాశ పడరా? నిజంగానే అడుగుతున్నాను, కథ నాకూ నచ్చింది.

కోర్ట్_బీట్ · గురువారం ఉదయం 7:05

విలన్ లేకపోయినా దర్యాప్తు ఉంటుంది, టెన్షన్ అక్కడి నుంచి వస్తుంది. ఒక ఆధారం ఇస్తాను. నీళ్లలో డయాటమ్‌లని కంటికి కనపడనంత చిన్న నాచు జీవాలు ఉంటాయి. ప్రాణంతో ఉండి నీళ్లు మింగి మునిగిన మనిషి రక్తంలోకి అవి చేరి ఎముక మూలుగ దాకా వెళ్తాయి. చనిపోయాక నీళ్లలో పడేస్తే గుండె ఆడదు కాబట్టి అంత లోపలికి సాధారణంగా చేరవు. దొరికిన రకాలను నీటి నమూనాలతో పోల్చి చూస్తారు. హార్బర్ నీళ్లూ నడిసముద్రం నీళ్లూ ఒకటి కావు కదా.

రిపోర్టులో హార్బర్ నీళ్లే అని వస్తుంది. ఆ ఒక్క కాగితాన్ని అన్న, ఎస్సై చెరోలా చదువుతారు. అన్నకు అది "ఒడ్డునే చంపారు, అంటే పోలీసులే" అని చెబుతుంది. ఎస్సైకి "బోటు మొగ దాటకముందే తోసేశారు, అంటే అన్నే" అని చెబుతుంది. ఈ పరీక్ష ఒక్కదాని మీదే కోర్టులు తీర్పు చెప్పవు కాబట్టి ఇద్దరి అనుమానమూ బతికే ఉంటుంది. పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు, అది కూడా గుర్తుంచుకోండి. తన్ని ఒప్పించే సీను రాసి కేసు ముగించొద్దు.

పోస్టర్_గోడ · గురువారం మధ్యాహ్నం 1:20

డిస్ట్రిబ్యూషన్ పని చేసేవాణ్ని. రిలీజు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను.

హాలీవుడ్ దర్శకుడు క్లింట్ ఈస్ట్‌వుడ్ 2006లో, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ దీవి ఐవో జీమా కోసం జరిగిన పోరు మీద రెండు సినిమాలు తీశాడు. అమెరికా వైపుది అక్టోబరులో, జపాన్ వైపుది డిసెంబరులో వచ్చాయి. రెండోది మొదటిదానికన్నా చాలా తక్కువ ఖర్చుతో, జపనీస్ భాషలో తీసినా, ఉత్తమ చిత్రం ఆస్కార్ నామినేషన్ దానికే వచ్చింది. మన దగ్గర రక్త చరిత్ర రెండు భాగాలు 2010లో అక్టోబరు, డిసెంబరు నెలల్లో వచ్చాయి. రెండో భాగం పగ తీర్చుకోవాలనుకున్న ఎదుటి మనిషి వైపు తిరిగింది. అంటే జనానికి ఇది అర్థం కాని సంగతేం కాదు. కానీ రెండు నెలల గ్యాప్ ఇప్పుడు చాలా ఎక్కువ. మొదటిది అప్పటికే ఓటీటీలో వచ్చేసి, కథంతా ఫోన్లలో తిరిగేస్తుంది. నన్నడిగితే రెండు వారాలు.

ఇంకో ప్రమాదం ఉంది. భార్యాభర్తల కథను అతని వైపు ఒకటి, ఆమె వైపు ఒకటిగా తీసిన అమెరికన్ జంట సినిమా 2013లో టొరంటో ఫెస్టివల్లో చూపించారు. మరుసటి ఏడాది థియేటర్లకు ముందుగా వెళ్లింది రెండింటినీ కలిపి కుట్టిన మూడో వెర్షన్. నిర్మాత మీతో కూడా అదే అంటాడు, "కలిపి ఒకటి చేసి ఇవ్వు" అని. అగ్రిమెంటులో ముందే రాయించుకోండి.

సెన్సార్ సంగతి కూడా. రెండు సినిమాలు అంటే రెండు సర్టిఫికెట్లు. 2024 రూల్స్ నుంచి యూఏ మూడు రకాలు, 7, 13, 16 ఏళ్ల మీద. మొదటిదానికి యూఏ వచ్చి రెండోదానికి "ఏ" (పెద్దలకు మాత్రమే) వస్తే, అన్న కథ చూసిన పదిహేడేళ్ల కుర్రాణ్ని ఎస్సై కథకు హాల్లోకి రానివ్వరు. మార్చురీ సీన్లు రాసేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి.

రుషికొండ_రచయిత · శుక్రవారం రాత్రి 11:30

గేటు సీను మళ్లీ రాశాను. ఒకే టేకు, రెండు చోట్ల నుంచి. చదివి చెప్పండి.

*అన్న సినిమా.* మనం బోటు మీద ఉన్నాం. ఇంజిను స్టార్టయింది, డెక్కు అదురుతోంది. అప్పలరాజు ఐసు పెట్టెలు సర్దిస్తూ తల తిప్పి చూస్తాడు. జెట్టీ అవతల, దీపాల కింద తమ్ముడు. ఎదురుగా ఖాకీ. చెయ్యి లేచింది, చెంప మీద పడింది. శబ్దం వినబడదు, ఇంజిను మోతే. ఆమె పెదవులు కదులుతున్నాయి. తమ్ముడి జేబులోంచి ఫోను తీసుకుంది. తమ్ముడు బోటు వైపు చూశాడు. అప్పలరాజు చెయ్యి ఊపాడు. ఆ ఊపడం "రా" అనో "ఉండు" అనో మనకు తెలియదు. బోటు యజమాని అరుస్తాడు, "ఇంకెంతసేపు?"

*ఎస్సై సినిమా.* మనం జెట్టీ మీద ఉన్నాం. బోట్ల మోత దూరంగా ఉంది, మాట స్పష్టంగా వినబడుతోంది. చెంపదెబ్బ శబ్దం మనకు నొప్పి పుట్టేంత దగ్గర. "నీ మీద కేసుందిరా, అవతలివాళ్లు కత్తులు పట్టుకుని నీ బోటు పక్క బోటులోనే ఉన్నారు. ఈ ట్రిప్పు మానుకో. పొద్దున్న స్టేషన్‌కు వచ్చి ఫోన్ తీసుకెళ్లు." పిల్లాడు ఏదో అంటున్నాడు. ఇంకో బోటు ఇంజిను అందుకుంది. అతను చెప్పింది ఆమెకు వినబడలేదు, మనకూ వినబడలేదు. ఆమె "సరే, పో" అంది. అతను బోటు వైపు చూశాడు. దూరంగా ఎవరో చెయ్యి ఊపుతున్నారు.

పిల్లాడు ఏమన్నాడో రెండు సినిమాల్లోనూ ఎక్కడా వినిపించను. అన్నకూ ఎస్సైకీ అసలు జరిగింది చివరి దాకా తెలియదు. రెండూ చూసినవాడికి మాత్రమే తెలుస్తుంది.

ఎడిటింగ్_టేబుల్ · శనివారం ఉదయం 6:40

ఇంజిను మోతను ఎడిటింగులో కలపకు, అక్కడే రికార్డు చెయ్యి. డబ్బింగులో వేసిన మోత అవసరానికి పెంచినట్టు తెలిసిపోతుంది. బోటు మీద ఒక మైకు, జెట్టీ మీద ఒక మైకు పెట్టు. ఏ సినిమాకు ఆ మైకే. ఎస్సై మాటలు బోటు మైకులో నిజంగానే పడకూడదు.

నాకున్న ఒక్క అభ్యంతరం కత్తుల సంగతి. ఆమె కొట్టినదానికి మళ్లీ ఒక మంచి కారణం ఇస్తున్నావు. కొంచెం చిరాకు, కొంచెం అలసట కూడా ఉండనీ. పొద్దున నుంచి నిలబడి ఉంది. ఆ దెబ్బ పూర్తిగా న్యాయం కాకూడదు.

కంచరపాలెం_సినీప్రియ · శనివారం ఉదయం 9:10

నేను ఒప్పుకోను. కత్తులు ఉండాలి. లేకపోతే ఆమె సినిమా చూస్తూ ఆమెతో నడవడం నా వల్ల కాదు. ఆ చెయ్యి ఊపడం మాత్రం అద్భుతం. అది "రా" అనా, "ఉండు" అనా అని రాత్రంతా ఆలోచించాను.

హార్బర్_పిల్లాడు · శనివారం సాయంత్రం 5:25

అన్నా, కొత్త సీను నాన్నకు చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లేచి నిలబడి చెయ్యి ఊపి చూపించారు. సరంగు "రా" అంటే చెయ్యి పైనుంచి కిందికి గుంజినట్టు ఊపుతాడట. "ఉండు" అంటే అరచేయి చూపించి ఆపుతాడట. మోతలో మాట వినబడదు కాబట్టి మా వాళ్లకు ఇవి భాష లాంటివి. "తమ్ముడికి తెలుస్తాది. ఆ పోలీసమ్మకే తెలీదు," అన్నారు.

అంటే అన్న "రా" అని ఊపితే పిల్లాడు ఎందుకు పరిగెత్తాడో హార్బర్ జనానికి మొదటి సినిమాలోనే అర్థమైపోతుంది. మిగతావాళ్లకు అర్థం కాదు. అది అలా ఉండొచ్చా, తప్పా, నాకు తెలియట్లేదు.

నాన్న ఇంకోటి కూడా అన్నారు. "ఆ రాసినాయన్ని ఒకపాలి రమ్మను. ఇంజిను పక్కన నించుని ఇంటే అప్పుడు రాస్తాడు."

రుషికొండ_రచయిత · శనివారం సాయంత్రం 5:40

అలాగే ఉండాలి తమ్ముడూ. అప్పలరాజు "రా" అనే ఊపాడు. దూరం నుంచి తీస్తాను, దగ్గర షాట్ వేయను.

రేపే వస్తాను. ఎన్నింటికి రావాలో, ఎక్కడ ఉండాలో చెప్పు.

హార్బర్_పిల్లాడు · శనివారం సాయంత్రం 5:52

తెల్లవారుజామున మూడున్నరకు, వేలం షెడ్డు దగ్గర. చెప్పులు జారతాయి, బూట్లు వేసుకురండి. సౌండ్ ఆయన కూడా వస్తే మైకు తెమ్మనండి.